కంప్యూటరులోని నలుగురు కావలివారు

ఎమ్మిగనూరు చేనేతకు పేరొందిన ఊరు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో ఏర్పడిన నేతపనివారల సహకార సంఘము వలన ఆ పేరు దూర ప్రాంతములకు కూడ ప్రాకినది. ఆ ఊరిలో మగ్గము ముందు కూర్చున్న నేతగానిని కొంతసేపు గమనించినచో ఒక సంగతి తెలియును. కాలు తొక్కుడు చెక్క మీద, చేయి నాడెను నడుపు త్రాటి మీద ఉండును. చూపు మాత్రము పడుగును విడువదు. అంగుళమునకు 60 పోగుల చొప్పున 48 అంగుళముల పన్నా గల గుడ్డకు 2,880 పడుగు పోగులు కావలెను. వానిలో ఒక్కటి తెగినను మగ్గమాపి ముడివేయవలెను. చూడకపోయినచో ఆ పోగు లేని మేరకు గుడ్డలో సన్నని గీత పడును. గీత సాయంకాలము గుడ్డ విప్పినప్పుడు కనబడును. పోగు తెగినది మాత్రము ఉదయమే!

మరమగ్గముల దగ్గర ఒక్కొక్క పనివాడు అనేక మగ్గములను చూచుకొనవలసియుండును. అన్ని పోగులపైనను కన్ను వేసియుంచుట అతనికి సాధ్యము కాదు. అందుచేత ప్రతి పడుగు పోగుకును ఒక పలుచని ఉక్కు రేకును తగిలింతురు. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు దాని మీద వ్రేలాడుచుండును. పోగు తెగగానే రేకు జారి క్రిందపడును. ఆ పడుటతోనే మగ్గము ఆగిపోవును. 1890ల దశకములో అమెరికాలో డ్రేపరు కంపెనీ అమ్మకమునకు తెచ్చిన నార్త్రప్ మగ్గమునకు ఇట్టి ఏర్పాటు ఉండెను. ఇందులో ముఖ్యముగా గమనింపదగిన విషయము, రేకులు ఉన్నందువలన మగ్గము వేగము తగ్గదు. పోగు తెగనంతవరకు అవి ఉన్నను లేనట్లే.

కంప్యూటరు ప్రోగ్రాములలో తప్పులు వెదకువారికి కూడ సరిగా ఇదే చిక్కు ఎదురగును. వారికి దొరికిన ఉపాయము కూడ ఇట్టిదే. తప్పు జరిగిన చోటు వేరు, అది బయటపడు చోటు వేరు. ఈ రెంటి మధ్య యంత్రము కొన్ని కోట్ల ఆదేశములను నెరవేర్చి యుండవచ్చును.

ఒక ఉదాహరణము తీసికొందము. ఆదోని పత్తి మార్కెట్టులో ఒక వ్యాపారి తన కొనుగోళ్ల లెక్కకు చిన్న ప్రోగ్రామొకటి వ్రాయించుకొన్నాడనుకొనుడు. అది పది లాట్ల తూకములను కంప్యూటరు స్మృతిలో పది అరలలో దాచుకొనును. పది అరలును నిండగానే ఒక చీటి అచ్చువేసి, అరలన్నిటిని సున్న చేసి, మరల మొదటినుండి నింపుకొనును. ఆనాటి మొత్తము తూకము మాత్రము వేరొక అరలో పెరుగుచుండును. తొమ్మిది లాట్లు కొన్ననాడు లెక్క సరిగా ఉన్నది. ఇరువదిమూడు లాట్లు కొన్ననాడు మాత్రము చివరి మూడు లాట్ల తూకమే మొత్తముగా కనబడినది! మిగిలిన ఇరువది లాట్ల పత్తి ఏమైనది?

ప్రోగ్రాములో 'మొత్తము' అను పేరు గల పంక్తులను వెదకినచో మూడే కనబడినవి: ఉదయము సున్న చేయు పంక్తి, లాటు తూకమును కలుపు పంక్తి, సాయంకాలము అచ్చువేయు పంక్తి. మూడును సరిగానే ఉన్నవి. ఇక వెదకుట ఎక్కడ?

ఉపాధ్యాయులు ఈ అరలను నల్లబల్లపై గీసి చూపినచో విషయము సులభముగా బోధపడును. స్మృతిలో ప్రతి బైటుకును ఒక చిరునామా ఉండును. ఒక్కొక్క తూకమునకు నాలుగు బైట్లు కావలెననుకొందము. మొదటి అర చిరునామా 5000 అయినచో రెండవది 5004, పదియవది 5036. దానిని అంటియున్న 5040లో 'మొత్తము' ఉన్నది. అరలను సున్న చేయు భాగములో, 0 నుండి 9 వరకు అని వ్రాయవలసినది 0 నుండి 10 వరకు అని వ్రాయబడినది. కనుక ఆ భాగము పదకొండవ అరను, అనగా 5040ని కూడ సున్న చేయుచున్నది. దొంగపని చేసిన పంక్తిలో 'మొత్తము' అను పేరే లేదు. పేరును పట్టి వెదకువారికి అది ఎన్నటికిని దొరకదు; చిరునామాను కావలి కాచిన వారికే దొరకును.

ఇట్టి వెదకులాటకు తోడ్పడు ప్రోగ్రామును డిబగ్గరు అందురు. రిచర్డ్ స్టాల్మన్ 1986లో వ్రాసిన జిడిబి అను డిబగ్గరు నేటికిని విరివిగా వాడుకలో ఉన్నది. డిబగ్గరు చేయు ముఖ్యమైన పనులు రెండు. ప్రోగ్రాము ఫలానా ఆదేశమునకు రాగానే ఆపుట ఒకటి; ఆ ఆగు చోటును బ్రేక్‌పాయింటు లేక విరామ బిందువు అనవచ్చును. స్మృతిలోని ఫలానా అరను ఎవరు ముట్టుకొన్నను ఆపుట రెండవది. దీనిని వాచ్‌పాయింటు లేక కావలి బిందువు అనవచ్చును. మొదటిదానికి ఎక్కడ ఆగవలెనో మనకు ముందే తెలిసియుండవలెను. రెండవదానికి ఏమి చెడినదో తెలిసిన చాలును.

బ్రేక్‌పాయింటు అను పేరు వెనుక ఒక ముచ్చట గలదు. 1946లో లోకమునకు ప్రదర్శింపబడిన ఎనియాక్ యంత్రములో ప్రోగ్రామనగా కాగితముపై వ్రాసినది కాదు. ఒక భాగమునుండి మరియొక భాగమునకు గ్రుచ్చిన తీగెల వరుస. యంత్రమును ఒకానొక ఘట్టములో ఆపవలెనన్న అక్కడి తీగెను ఊడబెరికెడివారు. ఆ తెంపిన చోటే బ్రేక్‌పాయింటు. ఈ పద్ధతిని కనిపెట్టిన ఘనత ఎనియాక్‌పై పనిచేసిన ఫ్రాన్సిస్ ఎలిజబెత్ హోల్బర్టన్ అను మహిళదని చెప్పుదురు.

తరువాతి యంత్రములలో ప్రోగ్రాము కూడ స్మృతిలోనే అంకెల రూపమున ఉండుటచే ఊడబెరుకుటకు తీగె లేదు. కనుక మరియొక యుక్తి పన్నిరి. ఇంటెల్ జాతి ప్రాసెసర్లలో ఒకే బైటుతో ముగియు ప్రత్యేక ఆదేశమొకటి గలదు. దాని సంకేతము దశాంశ పద్ధతిలో 204. డిబగ్గరు ఆగవలసిన చోటనున్న ఆదేశపు మొదటి బైటును ప్రక్కన దాచుకొని, దాని స్థానములో 204ను ఉంచును. ప్రాసెసరు అక్కడికి రాగానే పని నిలిపి డిబగ్గరునకు కబురంపును. మనము చూడదలచినవి చూచిన పిమ్మట డిబగ్గరు పాత బైటును తిరిగిపెట్టి, ఆ ఒక్క ఆదేశమును నడిపించి, మరల 204ను ఉంచి ముందునకు సాగనిచ్చును. ఇది ప్రోగ్రాముతో కల్పించిన విరామము. ఇట్టివి ఎన్ని కావలెనన్న అన్ని పెట్టుకొనవచ్చును. కాని ఇందుకు ప్రోగ్రాము ఉన్నచోట వ్రాయుటకు వీలుండవలెను.

కావలి బిందువునకు ఈ యుక్తి పనికిరాదు. 5040వ అరలో ఉన్నది ఆదేశము కాదు, తూకము. అందులో 204 పెట్టినచో లెక్క చెడునే గాని ఎవరును ఆగరు. ప్రోగ్రాముతోనే కావలి కాయవలెనన్న ఒకే దారి గలదు: ప్రాసెసరును ఒక్కొక్క ఆదేశము చొప్పున నడిపించి, ప్రతి ఆదేశము తరువాతను ఆపి, 5040లోని విలువ మారినదా అని చూచుట. 1951లో కేంబ్రిడ్జిలో స్టాన్లీ గిల్ ఎడ్సాక్ యంత్రముపై తప్పులు పట్టుటను గురించి వ్రాసిన పత్రములో ఇట్టి అడుగడుగు పరీక్షలే ప్రధానమైనవి. ఆ పద్ధతి నేటికిని బ్రతికియున్నది గాని చాల నెమ్మది. మామూలుగా నడచుటకన్న ఇది వందల రెట్లు ఆలస్యమని జిడిబి కరదీపికయే హెచ్చరించును. ఒక నిమిషములో ముగియు ప్రోగ్రాము 300 రెట్లు నెమ్మదించినచో ఐదు గంటలు పట్టును. నేతగాడు ఒక్కొక్క పేక పోగు వేసి, మగ్గమాపి, 2,880 పోగులను తడిమి చూచి మరల నాడె విసరినట్లన్నమాట.

ఆలస్యమొక్కటే అయినచో ఓర్చుకొనవచ్చును. అంతకంటె పెద్ద చిక్కు, నెమ్మదించినప్పుడు కొన్ని తప్పులు అసలే జరుగవు. ఇది వినోదమునకు చెప్పుమాట కాదు. థెరాక్-25 అను కిరణ చికిత్సా యంత్రము వలన 1985 జూను, 1987 జనవరి నెలల మధ్య అమెరికా, కెనడా దేశములలో ఆరు ప్రమాదములు జరిగినవి. రోగులకు మోతాదుకు అనేక రెట్లు కిరణములు తగిలినవి, కొందరు మరణించిరి. 1986లో టెక్సాసులోని ఒక ఆసుపత్రిలో రెండు ప్రమాదములు జరిగిన పిమ్మట అక్కడి భౌతిక శాస్త్రజ్ఞుడును, యంత్రమును నడపిన ఉద్యోగినియు కలసి ఆ లోపమును తిరిగి రప్పించుటకు పూనుకొనిరి. తాపీగా వివరములు టైపు చేసినంతసేపు యంత్రము సక్రమముగా పనిచేసినది. ఆమె అలవాటు చొప్పున వేగముగా టైపుచేసి దిద్దినప్పుడే తప్పు బయటపడినది. యంత్రములోని అయస్కాంతములు అమరుటకు సుమారు 8 సెకండ్లు పట్టును. ఆ లోపున చేసిన దిద్దుబాటును ప్రోగ్రాము గమనింపకుండెను. మంచి డిబగ్గరు ఉన్నచో ఆ ప్రమాదములు తప్పెడివని నేను చెప్పబోను. ప్రోగ్రామును నమ్మి, పాత నమూనాలలోని యాంత్రికమైన రక్షణలను తీసివేయుట అక్కడ పెద్ద కారణము. కాని పరీక్షించువాడు యంత్రమును నెమ్మదింపజేసినచో తప్పు తప్పించుకొని పోవుననుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

కనుక కావలసినది మరమగ్గపు రేకు వంటిది: పని సాగుచున్నంతసేపు అడ్డుతగలక, తప్పు జరిగిన క్షణముననే ఆపునది. దానిని ప్రోగ్రాముతో చేయలేము, తీగెలతోనే చేయవలెను.

పెద్ద కంప్యూటర్లలో ఇట్టిది ముందే ఉండెను. 1964లో ప్రకటింపబడిన ఐబిఎమ్ 360 వరుసలోని కొన్ని యంత్రముల పలకపై చిరునామాను త్రిప్పిపెట్టు మీటలుండెడివి. ఆ చిరునామా రాగానే యంత్రము ఆగెడిది. మన బల్లలపైకి వచ్చిన చిన్న కంప్యూటర్ల జాతికి ఈ భాగ్యము 1985లో వెలువడిన ఇంటెల్ 80386 ప్రాసెసరుతో కలిగినది. అందులో డిబగ్ రిజిస్టర్లని కొన్ని చేర్చిరి. సున్న నుండి మూడు వరకు నంబర్లు గల నాలుగు రిజిస్టర్లలో నాలుగు చిరునామాలను వ్రాసి ఉంచవచ్చును. వీరే మన నలుగురు కావలివారు. ఏ కావలివాడు మేలుకొని ఉండవలెను, దేనికి కేక వేయవలెను అను సంగతి ఏడవ రిజిస్టరులో వ్రాయబడును. కేక వేసినవాడెవడో ఆరవ రిజిస్టరు తెలుపును.

ఇక వీరు పనిచేయు విధానము. పండ్రెండవ తరగతిలో తర్కద్వారములను చదివిన విద్యార్థికి ఇది కష్టము కాదు. 5040ని ద్విసంఖ్యామానములో వ్రాసినచో 1001110110000 అగును. ప్రాసెసరు స్మృతిలో దేనినైనను ముట్టుకొనునప్పుడు దాని చిరునామా ఇట్లే ఒకట్లు, సున్నలుగా ప్రత్యేకమైన తీగెలపై పోవును. 80386లో చిరునామాకు 32 బిట్లు. ప్రతి బిట్టు దగ్గరను ఒక చిన్న ద్వారముండి, తీగెపై పోవు బిట్టును, రిజిస్టరులో ఉన్న బిట్టును సరిపోల్చును. రెండును ఒకటే అయినచో 1 ఇచ్చును, లేనిచో 0. అన్ని బిట్ల దగ్గరను 1 వచ్చినప్పుడే చివరి ద్వారము తెరచుకొనును. 5036 పోవునప్పుడు మూడు బిట్లు తేడా వచ్చును. ద్వారము మూసికొనియే ఉండును. 5040 రాగానే అన్నియు కలియును. ఈ సరిపోల్చుట అంతయు ప్రాసెసరు తన పని తాను చేసికొనుచుండగనే ప్రక్కన జరిగిపోవును. ప్రోగ్రాములోని ఒక్క ఆదేశము కూడ ఇందుకై ఖర్చు కాదు.

మనకు ఒక బైటు కాక నాలుగు బైట్ల అర మీద కావలి కావలెను. అప్పుడు చిరునామాలోని చివరి రెండు బిట్లను సరిపోల్చక విడిచిపెట్టుదురు. 5040, 5041, 5042, 5043 అన్నియు ఒకే కావలివానికి చిక్కును. ఇందుచేతనే నాలుగు బైట్ల కావలికి ఇచ్చు చిరునామా నాలుగుచేత నిశ్శేషముగా భాగింపబడవలెనను నియమము ఏర్పడినది. నియమమును బట్టీ పెట్టించుటకు బదులు ఈ కారణమును చెప్పినచో విద్యార్థి మరువడు.

ఆదోని లెక్కకు తిరిగి వత్తము. ఉదయము 'మొత్తము' సున్న అయిన పిమ్మట 5040పై, వ్రాసినప్పుడు మాత్రమే కేకవేయుమని కావలి పెట్టితిమి. మొదటి లాటు కలుపగానే ప్రోగ్రాము ఆగినది. ఇది న్యాయమైన వ్రాత. రెండవ లాటుకును అంతే. ప్రతిసారి మనము చూచి పంపుట విసుగు కనుక, విలువ సున్న అయినచోనే మాకు చూపుమని డిబగ్గరునకు షరతు పెట్టవచ్చును. కావలివాడు కేక వేయుచునే ఉండును. డిబగ్గరు విని, విలువ చూచి, అక్కరలేనిదానిని పోనిచ్చును. పదియవ లాటు చీటి అచ్చయిన మరుక్షణము ప్రోగ్రాము ఆగినది. ఆగిన చోట అరలను సున్న చేయు పంక్తి ఉన్నది. 'మొత్తము' పేరెత్తని ఆ పంక్తి!

ఇక్కడ ఒక సూక్ష్మము గలదు. స్మృతిపై పెట్టిన కావలి, వ్రాత జరిగిన తరువాత ఆపును. కనుక తెరపై కనబడు ఆదేశము దొంగ కాదు, దొంగ వెనుక వచ్చుచున్న అమాయకుడు. ఒక ఆదేశము వెనుకకు చూడవలెను. ఆదేశముపై పెట్టిన విరామము అట్లు కాదు. ఆ ఆదేశము నెరవేరక ముందే ఆపును. క్రొత్తవారు ఈ తేడా తెలియక అమాయకుని పంక్తిని గంటలకొలది పరిశీలించుట కద్దు.

మరమగ్గముతో పోలికను ఇంతకన్న లాగరాదు. మగ్గములో ప్రతి పోగుకును ఒక రేకు ఉన్నది. ప్రాసెసరులో కావలివారు నలుగురే. ప్రతి సరిపోల్చు సాధనమును చిరునామాలు పోవు దారిపైననే తగిలించవలెను. ప్రాసెసరులో అతి వేగముగా నడువవలసిన దారులలో అదియు ఒకటి. దానిపై ఎంత బరువు వేసిన అంత నెమ్మదించును, విద్యుత్తు కూడ ఖర్చగును. అందుచే పిసినారితనము తప్పలేదు. నేటి 64 బిట్ల ప్రాసెసర్లలో ఒక్కొక్కడు ఎనిమిది బైట్ల వరకు కాయగలడు. నలుగురును కలసి 32 బైట్లు. మన పది అరలకు 40 బైట్లు కావలెను. అంత చిన్న లెక్కలోని అరలన్నిటిని కూడ వారు కాయలేరు! దేనిని కాయించవలెనో ఆలోచించు భారము మనిషిదే. డిస్కు వంటి పరికరములు ప్రాసెసరు ప్రమేయము లేకుండ నేరుగా స్మృతిలో వ్రాయునప్పుడు కూడ వీరికి తెలియదు. వీరు కాయునది ప్రాసెసరు వాకిలి మాత్రమే.

పరికరములలో ఇమిడియుండు చిన్న చిప్పులలో ఈ కావలివారి విలువ ఇంకను హెచ్చు. అక్కడ ప్రోగ్రాము సాధారణముగా ఫ్లాష్ స్మృతిలో ఉండును. దానిలో 204 వంటి బైటును చటుక్కున మార్చుట కుదరదు. ఒక ఖండమంతయు చెరిపి తిరిగి వ్రాయవలెను, అదియు పరిమితమైన పర్యాయములే. కనుక ఆదేశముల దగ్గర ఆపుటకు కూడ తీగెలతో చేసిన విరామమే దిక్కు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో పలకలోని చిప్పులో ఒక్కొక్క ప్రాసెసరునకు 4 విరామములు, 2 కావలులు మాత్రమే గలవు. అయిదవ విరామము కోరినచో డిబగ్గరు లేదనును. అది డిబగ్గరు లోపమని విద్యార్థులు పొరబడుదురు.

లినక్సు గల కంప్యూటరు పాఠశాలలో ఉన్నచో ఈ ప్రయోగము ఒక్క తరగతిలో చేసి చూపవచ్చును. పై లెక్కను సి భాషలో వ్రాయుడు. అరలును మొత్తమును ఒకే స్ట్రక్చరులో వరుసగా ఉంచవలెను. విడివిడిగా ప్రకటించినచో కంపైలరు వానిని ప్రక్కప్రక్కన పెట్టునను నమ్మకము లేదు. డిబగ్ వివరములు చేర్చి, వేగము పెంచు సవరణలు లేకుండ కంపైలు చేయవలెను. జిడిబిలో ప్రోగ్రామును మొదట ఆపి, మొత్తముపై వాచ్ ఆజ్ఞ ఇచ్చినచో, హార్డువేర్ వాచ్‌పాయింటు పెట్టితినని అది జవాబిచ్చును. లాట్ల సంఖ్యను కొన్ని లక్షలకు పెంచి, మొత్తము సున్న కంటె తక్కువైనప్పుడే ఆగుమని, అనగా ఎన్నడును నెరవేరని షరతు పెట్టి, పట్టిన కాలమును వ్రాసికొనుడు. పిమ్మట హార్డువేర్ కావలులను వాడవద్దని సెట్ ఆజ్ఞతో చెప్పి, అదే పని మరల చేయించుడు. ఈసారి జవాబులో హార్డువేర్ అను మాట ఉండదు, వాచ్‌పాయింటు అని మాత్రమే ఉండును. మొదటిసారి డిబగ్గరు మొత్తము మారినప్పుడు మాత్రమే మేలుకొన్నది. రెండవసారి ప్రతి ఆదేశమునకును మేలుకొనవలెను. గడియారమును దగ్గర ఉంచుకొనుడు. గంట కొట్టులోపల రెండవ పరుగు ముగియకపోయినచో లాట్లను తగ్గించి మరల మొదలుపెట్టవలెను.